పదిహేడో పాయింటు

దొంగతనం చేసినవాడు ఒక్కడే. చేయించింది మీరు. పదకొండు దేశాల నుంచి వచ్చి అమలాపురం కాలేజీ హాల్లో ముందు వరసలు పట్టుకున్న పెద్దలు. ఒక ఆడమనిషి అధ్యక్షురాలైందని పైకి చప్పట్లు కొట్టి, లోపల పళ్ళు కొరుక్కున్నది మీరు. ఆ కుళ్ళు మీ అందరిదీ. చెయ్యి మాత్రం ఒకడిది.

2003 మే 31. శనివారం. అమావాస్య.

శాటిలైట్ చిత్రాలతో నేలనీ నీటినీ కాపాడాలని పెట్టుకున్న అంతర్జాతీయ శాస్త్రవేత్తల సంఘం అది. ఆ ఏడు సమావేశం కోనసీమలో. అధ్యక్షురాలు డాక్టర్ పద్మశ్రీ. సొంతూరు కొత్తపేట.

ఉదయం 8:30కి ఆమె కాలేజీలో తనకిచ్చిన గదికి తాళం వేసి అతిథుల దగ్గరికి వెళ్ళింది. 9:20కి తిరిగొచ్చింది. బ్యాగు తెరిచి ఉంది. నిలబడ్డ చోటుని గుర్తుపెట్టుకునే జీపీఎస్ రిసీవర్ లేదు.

అందులో యాభై రెండు పాయింట్లున్నాయి. ఐ.పోలవరం వైపు మురుగు డ్రెయిన్‌ని రొయ్యల చెరువుల కోసం ఎక్కడెక్కడ పూడ్చారో, బురదలో నడిచి తీసిన పాయింట్లు. పన్నెండింటికి డ్రెయిన్ల ఇంజనీరు వస్తాడు. అవి చూపిస్తే వానలకి ముందే తవ్వకం. చూపించకపోతే ఈ ఏడు కూడా ఉప్పునీరు వరిచేలల్లోనే. పైగా రుజువు లేకుండా నోరు జారిందని సంఘం ఆమెను కుర్చీలోంచి దించేస్తుంది.

9:50. ఎస్సై లోవరాజు వచ్చాడు.

"తాళం విరగ్గొట్టేరా మేడమ్?"

"లేదండి. రెండో తాళంచెవితో తీసేరు. అది సంఘం ఆఫీసు టేబుల్ మీద ఉంటుంది. మా వాళ్ళెవరైనా తీసుకోవచ్చు."

"ఎవరి మీద అనుమానం?"

ఆమె హాలు వైపు చూసింది. "ఎవరి మీద లేదని చెప్పమంటారు?"

ముందు మాణిక్యాలరావుని పిలిచారు. డెబ్బై ఎకరాల రొయ్యల చెరువుల ఆసామి.

"డ్రెయిన్ పూడ్చింది మీరేగా?"

"అలాగంటారండి అందరూ."

"ఎనిమిదిన్నర నుంచి ఎక్కడున్నారు?"

"గేటు దగ్గరేనండి. ఫారిన్ వాళ్ళకి బొండాలు కొట్టిస్తున్నాను. ఊరంతా చూసేరు."

"ఆ మిషను పోతే లాభం మీకేగా?"

"ఆయ్. లాభమే. కానీ నాకు దొంగతనమెందుకండీ? తవ్వమన్న కాగితం డ్రెయిన్ల ఆఫీసుకెళ్ళేక అక్కడే పడుకోబెట్టిస్తాను. నాలుగేళ్ళుగా చేస్తున్నదదేగా."

లోవరాజు నవ్వలేదు. ఆ మనిషి నిజమే చెబుతున్నాడు. అదే దరిద్రం.

10:30. డాక్టర్ శివశంకర్. సంఘం సెక్రటరీ. పద్మశ్రీకి చదువు చెప్పిన మాస్టారు. గుమ్మం మీది బ్యానర్లో ఆమె పేరు మూరెడు అక్షరాల్లో ఉంది. ఆయన పేరు అడుగున, వేలెడు.

"పొద్దున్న ఎక్కడున్నారండి?"

"జీపేసుకుని ఐ.పోలవరం వెళ్ళేను. ఇప్పుడే వచ్చేను. పద్మ తీసిన పదిహేడో పాయింటు తప్పని నా అనుమానం. అది డ్రెయిన్ సముద్రప్పాయలో కలిసేచోటు. అక్కడ ఇసుకతిప్ప ఉంది. 8:40 నుంచి 9:20 దాకా దాని మీదే నడిచేను."

"తోడెవరు?"

"ఒక్కణ్ణే."

"తిప్ప ఎంతుంటుంది?"

"నూట ఎనభై మీటర్లు. మధ్యలో వంపు." తడుముకోలేదు.

"బూట్లు విప్పేరా?"

"ఎందుకు? పొడి ఇసుకేగా."

లోవరాజు ఆ బూట్లు చూశాడు. అద్దంలా మెరుస్తున్నాయి. నోట్‌బుక్ మూసేశాడు.

11:10. అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. మరిడమ్మ. పీతలు పడుతుంది. యాభై రెండు పాయింట్లకీ పద్మశ్రీని పడవలో తిప్పింది ఆవిడే. కూర్చోమన్నవాడు లేడు.

"మరిడమ్మగారూ, ఇవాళ పొద్దున్న ఆ తిప్ప ఎలాగుంది?"

"తిప్పెక్కడిది బాబూ? అమావాస్య కదా. నేను అక్కణ్ణించి ఏడున్నరకి బయల్దేరినప్పుడే మునిగిపోయింది. తొమ్మిదింటికి నిండు పోటు. నడుం లోతు నీళ్ళుంటాయి."

హాలంతా శివశంకర్ వైపు తిరిగింది.

లోవరాజు గోడ మీది శాటిలైట్ చిత్రం దగ్గరికి వెళ్ళాడు. కింద తేదీ, టైము మీద వేలు పెట్టాడు.

"మా నాన్న వలేసింది ఆ పాయలోనే అండి. ఈ చిత్రం తీసింది అష్టమి నాడు, ఉదయం పదిన్నరకి. అష్టమికి ఆ వేళ నీళ్ళు వెనక్కి తీసేసి ఉంటాయి. తిప్ప పైకి కనపడుతుంది. నూట ఎనభై మీటర్లు, మధ్యలో వంపు. చూడండి, ఇక్కడుంది. మాస్టారు చూసింది ఈ గోడ మీది తిప్పని. చిత్రంలో పొడిగా ఉంటే ఎప్పుడూ పొడిగానే ఉంటుందనుకున్నారు. అసలు తిప్ప మీద ఆయన కాలు ఒక్కరోజు పడలేదు."

లోవరాజు శివశంకర్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మీ బ్యాగు తెరవండి."

శివశంకర్ తెరవలేదు. కానిస్టేబుల్ తెరిచాడు. లాప్‌టాప్, దానికి వైరుతో తగిలించిన రిసీవర్. పొద్దున్నంతా ఈ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లోనే కూర్చుని పాయింట్లన్నీ ఎక్కించుకున్నాడు. పైన రిపోర్టు మొదటి పేజీ సిద్ధంగా ఉంది. దాని మీద పేరు శివశంకర్‌దే.

"పక్కనే కాలవ ఉంది మాస్టారూ. పారేస్తే మాకు దొరికేది కాదు. పారేయలేకపోయేరు. ఆ పని మీదని చెప్పుకోవాలనిపించింది."

"మ్యాపు చదవడం నేర్పింది నేను." శివశంకర్ బ్యానర్ వైపు వేలు చూపించాడు. "ఇరవై ఏళ్ళు ఈ సంఘానికి ఉత్తరాలు రాసేను. కుర్చీ మాత్రం తనకి. తన కింద సంతకాలు నావి."

పద్మశ్రీ లేచింది. "నేర్పేరు మాస్టారూ. కాదనను. పదిహేడో పాయింటుకి రమ్మని మూడుసార్లు పిలిచేను. బూట్లు పాడవుతాయన్నారు."

ఆయన్ని బయటికి తీసుకెళ్ళారు. పోలీసు జీపు ఇంకా గేటు దాటలేదు. రెండో వరసలో గుసగుసలు మొదలయ్యాయి. సెక్రటరీ కుర్చీ ఖాళీ అయింది కదా.

మరిడమ్మ గుమ్మం దాటి వచ్చింది. ఎవరూ పిలవలేదు. నేరుగా మైకు దగ్గరికి.

"దొంగ దొరికేడు. మీకు సరిపోయింది. మా డ్రెయిన్ సంగతేంటి? కాగితం ఇచ్చి చేతులు దులుపుకుంటే ఒప్పుకోం. అది ఎక్కడ పడుకుంటుందో మాణిక్యాలరావుగారికే తెలుసు. మూడింటికి నీళ్ళు తీస్తాయి. మధ్యాహ్నం ఉపన్యాసాలు ఆపండి. పదకొండు దేశాలోళ్ళూ బూట్లు విప్పి తిప్ప మీదికి రండి. ఇంజనీరుగారు కూడా. మాణిక్యాలరావుగారు ముందు నడవాలి. పూడ్చిన ప్రతి చోటా నిలబడండి, చూడండి. తవ్వమని అక్కడే, ఆ బురదలోనే సంతకం పెట్టండి. పెట్టేదాకా ఒక్కరు కూడా తిరిగి జీపెక్కడానికి లేదు."