ఆరు గంటల మందుగొట్టం

పరుగు!

కందసామి తాటాకు దడి పక్కనే పరుగెత్తుతున్నాడు. పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టాడు. నిన్నటి వానకు నల్లరేగడి అరికాళ్ళకు అంటుకుని ఒక్కో కాలూ ఒక్కో వీశె బరువు!

వెనక పేచ్చిముత్తు. మైదానం కావలివాడు. చేతిలో కర్ర.

“నిలు సామీ! ఆ పక్కకు పోగూడదు!”

నిలవడు. ఎందుకు నిలుస్తాడు?

దడి అవతల జనం హోరు. 1936 ఫైనల్. కోవిల్పట్టి ఒక గోలు... విరుదునగర్ ఒక గోలు. సమం!

అది సమంగానే ఉండాలి. ఉండి తీరాలి!

దడిలో ఒక సందు. అందులోంచి కనబడింది పట్టమ్మాళ్. సొంత చెల్లెలు. చెవులకు కొత్త రవ్వల కమ్మలు. సాయంత్రపు ఎండకు తళుక్కుమన్నాయి.

కందసామి పళ్ళు కొరికాడు.

పోయినేడు బేసరి. ఈ ఏడు కమ్మలు. వచ్చే ఏడు?

కొనిపెట్టింది ఆమె మొగుడు అప్పాసామి. బంతిని ఒక్కసారి తన్నిన మనిషి కాదు! అతనికి ఉన్నదల్లా సాత్తూరులో ఈ బీడు. రెండూళ్ళకూ నడిమధ్య.

మూడేళ్ళ కింద కోవిల్పట్టిలో విరుదునగర్ వాళ్ళ బండ్ల మీద రాళ్ళు పడ్డాయి. వేయించింది కందసామే. అప్పటినుంచి ఫైనల్ మూడో ఊళ్ళో. ఎవరు గెలిచినా గేటు వసూలులో మూడో వంతు అప్పాసామిది!

కందసామికీ మైదానం ఉంది, కోవిల్పట్టిలో. ఇప్పుడు అందులో మేకలు మేస్తున్నాయి.

అయితే రెండూళ్ళ ఒప్పందం కాగితంలో పాత కట్టుబాటు ఒకటి మిగిలింది. ఫైనల్ సమమైతే మళ్ళీ ఆట సొంతూళ్ళో, వంతులవారీగా. ఈ ఏడు వంతు కోవిల్పట్టిది.

అంటే కందసామిది!

దడి చివర ఇనుప గొట్టం. నిండా తుపాకిమందు దట్టించి ఉంది. పక్కన బల్ల మీద గడియారం. తాయిల్పట్టి మందుపనివాడు మాడన్ నిప్పుకర్ర పట్టుకుని నిలబడ్డాడు.

రెఫరీ ఈల వేస్తే రెండూళ్ళ వాళ్ళూ దొంగ ఈలలు వేస్తారు. అందుకే ఇక్కడ గొట్టం పేలితేనే ఆట ముగిసినట్టు. ముందే పేలినా సరే, ఆ తర్వాత పడ్డ గోలు చెల్లదు.

“పేల్చరా మాడా!”

“ఆరు కాలేదు సామీ! ఇంకా ఐదు నిమిషాలు ఉండాది!”

“గడియారం తప్పిందిరా! నేను చెప్తా ఉండాను, పేల్చు!”

“తాగేది నేను సామీ, గడియారం తాగదు. అప్పాసామయ్య నా తోలు ఒలిచేస్తాడు!”

ఒక్కసారిగా జనం కేక!

కందసామి తల తిప్పాడు.

చెల్లదురై. తన కొడుకు, కోవిల్పట్టి ఆటగాడు! బంతి వాడి కాళ్ళ దగ్గర... ఒకణ్ణి దాటాడు... ఇద్దర్ని... ఎదురుగా గోలీ ఒక్కడే!

ఈ గోలు వేస్తే వాడికి మిల్లులో పని. దొర మాట ఇచ్చాడు. వారం నుంచి వాడు నిద్రలో కూడా కాళ్ళు ఆడిస్తున్నాడు.

గోలు పడితే కొడుక్కి ఉద్యోగం.

పట్టమ్మాళ్‌కు ఇంకో నగ.

కందసామికి మేకలు.

వెనక అడుగులు ఆగిపోయాయి!

పేచ్చిముత్తు పది గజాల దూరంలో నిలిచిపోయాడు. కర్ర దించేశాడు. పందిట్లో అప్పాసామి కుర్చీ వైపు చూస్తున్నాడు.

ఎందుకు ఆగాడు?

ఆలోచించే వ్యవధి లేదు. కందసామి నిప్పుకర్ర లాక్కున్నాడు.

“సామీ! ఆడ ఉండేది నీ బిడ్డ సామీ!” మాడన్ అరిచాడు.

చెల్లదురై కాలు వెనక్కి లేచింది...

ఢాం!

పొగ... గోల పెడుతూ లేచిన కాకులు...

ఆ తర్వాతే బంతి గోలులోకి దూరింది.

చెల్లలేదు!

పొగలోంచి అప్పాసామి వచ్చాడు. తాపీగా. బుగ్గన తాంబూలం.

“చెయ్యి కాలెనా బావా?”

“కాలనీ!” కందసామి రొప్పుతున్నాడు. “సమం! మళ్ళీ ఆట మా ఊర్లో. ఇంక నీ గేటు మూసుకో బావా!”

“మీ ఊర్లోనా?” అప్పాసామి నవ్వాడు. “బండ్ల మీద రాళ్ళు వేయిస్తివి, మరిచిపోతివా? చచ్చినా ఆ ఊరికి రామనిరి విరుదునగర్ వాళ్ళు. ఈ పొద్దున్నే రెండు జట్లూ కొత్త కాగితంలో చేవ్రాలు పెట్టిరి. మళ్ళీ ఆట కూడా ఈడనే. వచ్చే ఆదివారం!”

కందసామి తిరిగి పేచ్చిముత్తు వైపు చూశాడు.

“ఎవరు గెలిచినా నాకు ఒక్క గేటే బావా. సమమైతేనే రెండు. పేచ్చిముత్తును ఊరికేనా ఆపితిని?”

తాంబూలం ఉమ్మాడు.

“మీ చెల్లెలు ఒడ్డాణం అడగతా ఉండాది. నీ పుణ్యమా అని ఈ ఏడే అయ్యేలా ఉంది!”

దడి ఫెళఫెళా విరిగింది. కోవిల్పట్టి జనం!

“ఎవడ్రా పేల్చింది? ఎవడ్రా వాడు?”

అందరికంటే ముందు చెల్లదురై. మోకాళ్ళ దాకా బురద. తండ్రి చేతిలో ఇంకా పొగలు కక్కుతున్న నిప్పుకర్ర... దాన్నే చూస్తున్నాడు.

“నాయనా... నువ్వా?”

“అది కాదురా చెల్లదురై... నేను చెప్పేది...”

“చెప్పరా చెల్లదురై!” జనం అరుపు. “ఎవడు?”

చెల్లదురై మెల్లగా చెయ్యెత్తాడు.

తండ్రి వైపు చూపించాడు.

మొదటి రాయి లేచింది!