కదలని నాలుగు డిగ్రీలు

"ఇంజక్షన్ పెట్టెలకు కాపలానా సార్?"

ఏజెంట్ ఉదయభాస్కర్ విసుగు దాచుకోలేదు. క్షిపణి బ్లూప్రింట్లు సరిహద్దు దాటించి తెచ్చినవాడు మరి.

చీఫ్ చంద్రశేఖరం పట్టించుకోలేదు. "రొమ్ము క్యాన్సర్‌కి మన ల్యాబ్ కొత్త మందు కనిపెట్టింది. విజయనగరంలో క్లినికల్ ట్రయల్ జరుగుతోంది. సగం మందికి కొత్త మందు, సగం మందికి ఇప్పుడు వాడుతున్న మందు. ఎవరికి ఏది వెళ్తోందో డాక్టర్‌కీ తెలియదు, పేషెంట్‌కీ తెలియదు. డబుల్ బ్లైండ్."

"శత్రువు?"

"ఆర్కిడ్. విదేశీ ముఠా. వాళ్లు మందు దొంగిలించరు, పాడుచేస్తారు. వేడి తగిలితే అది పనిచేయదు, పైగా ప్రాణం మీదికి తెస్తుంది. ట్రయల్ ఫెయిలైతే వాళ్ల మందుకి పోటీ ఉండదు. ఆర్కిడ్‌లో మన డబుల్ ఏజెంట్ ఉంది. పేరు విశాలి. మందుల రవాణా ఆమె చేతిలోనే ఉంది. వ్యాన్ మీద కొత్తవలసలో దాడి జరుగుతుందని కబురు పంపింది. అక్కడ కాపు కాయి."

మర్నాడు పొందూరు ఖద్దరు మూట భుజాన వేసుకుని, అతికించిన మీసంతో ఉదయభాస్కర్ కొత్తవలస రోడ్డు పక్కన నిలబడ్డాడు. మే నెల ఎండ. మీసం కింద చెమట. రావలసిన వేళకు వ్యాన్ రాలేదు. దాడి చేసేవాడూ రాలేదు. ఓ ముసలాయన మాత్రం వచ్చి పంచెలన్నీ విప్పించి, ఒక్కటీ కొనకుండా వెళ్లిపోయాడు.

ఎట్టకేలకు వ్యాన్ ఆగింది. నల్ల కళ్లద్దాలు, తెల్ల సిల్కు చీర. విశాలి దిగింది.

"సన్న నూలు ఉందా?"

"ముతకే మిగిలింది," కోడ్ పూర్తి చేశాడు. "ఇంత ఆలస్యమేం?"

"టైరు పంక్చర్. ప్లాన్ మార్చుకున్నట్టున్నారు, దాడి లేదు." పెట్టె మూత ఎత్తి చూపించింది. సీసాల మధ్య, పెట్టెలోని వేడి ఎంతో అంకెల్లో చూపించే అగ్గిపెట్టెంత టెంపరేచర్ లాగర్లు రెండు. "చూడండి, బయల్దేరినప్పటి నుంచి నాలుగు డిగ్రీలే. మీ డ్యూటీ అయిపోయింది."

మూత వేయడానికి సాయం పడుతూ, అలవాటు కొద్దీ ఒక లాగర్ చేతిలోకి జార్చుకున్నాడు. వ్యాన్ వెళ్లిపోయింది.

ఇందుకోసమా ఇంత దూరం వచ్చింది? టీ బడ్డీ బల్ల మీద లాగర్ గిరాటేశాడు. రేకుల కింద బల్ల కాలిపోతోంది. టీ చల్లారుతుండగా అటు చూశాడు.

నాలుగు డిగ్రీలు.

గుప్పెట్లో బిగించాడు. నాలుగు. టీ గ్లాసుకి ఆనించాడు. నాలుగు.

లాగర్ నకిలీ. విశాలి పంపిన దాడి కబురూ నకిలీయే. తనను ఇక్కడ కట్టిపడేసి, ఆ ఆలస్యంలో పెట్టెలను దారిలో ఎక్కడో ఎండలో ఉడకబెట్టారు.

చీఫ్‌కి ఫోన్ చేశాడు. మీటింగ్‌లో ఉన్నారని ఆఫీసువాళ్లు చెప్పారు. "మనవాళ్లని విజయనగరం ఆసుపత్రికి పంపమనండి, వెంటనే," అని పెట్టేశాడు. ట్రయల్ నడిపే డాక్టర్ త్రిపురసుందరికి చేశాడు. స్విచాఫ్. ఆటో ఎక్కితే రైల్వే గేటు పడింది. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం బండి, ఎంతకీ తెగదు.

"కొంచెం తొందరగా పోనీవోయ్."

"నానేటి సేత్తాను బాబూ? బండి మీంచి ఎగిరిపోమంతావా?" అన్నాడు ఆటోవాడు.

ఆసుపత్రి గేటులో వాచ్‌మన్ టోకెన్ అడిగాడు. ఉదయభాస్కర్ మూట అతని చేతుల్లో పడేసి మెట్లెక్కాడు.

వార్డులో ఆమదాలవలస నుంచి రైల్లో వచ్చిన అసిరమ్మ మంచం మీద ఉంది. పొలం పనితో కాయలు కాచిన చేతికి సూది గుచ్చారు. సెలైన్ స్టాండుకి మందు వేలాడుతోంది. నర్సు వేళ్లు మందు వదిలే ట్యూబు క్లాంపు మీద ఉన్నాయి.

"ఆపండి. మందు పాడైపోయింది."

"బట్టలమ్మేవాడు లోపలికెలా వచ్చాడు?" మూలనుంచి విశాలి గొంతు చల్లగా వినిపించింది. "డాక్టర్, ప్రోటోకాల్ ప్రకారం ఆలస్యం చేయకూడదు."

మాటలతో పని కాదు. బల్లమీది ఫ్లాస్కులోంచి పొగలు కక్కే నీళ్లు గ్లాసులో పోసి, లాగర్ అందులో పడేసి, మంచం పక్కనున్న త్రిపురసుందరి కళ్ల ముందు పెట్టాడు. "మీ మందు పెట్టెలోదే ఇది."

నాలుగు డిగ్రీలు.

డాక్టర్ తన చేత్తోనే సీసా దింపేసింది. మొదటి చుక్క ఇంకా ట్యూబులోకి దిగలేదు. "అనుమానం వస్తే ఆపమనేదీ ప్రోటోకాలే, విశాలీ."

విశాలి తలుపు తీసింది. బయట చంద్రశేఖరం పంపిన మనుషులు నిలబడి ఉన్నారు. కళ్లద్దాలు సర్దుకుని, వాళ్ల మధ్య నడిచి వెళ్లిపోయింది.

"ఏటమ్మా, ఆపీసినావు?" అసిరమ్మ అడిగింది.

త్రిపురసుందరి పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. "కొత్త పెట్టెలు వచ్చేదాకా ఆగాలి. ఈలోగా నిన్ను కనిపెట్టుకుని ఉంటాం. ట్రయల్లోంచి వెళ్లిపోతానన్నా నీ ఇష్టమే, వైద్యం మాత్రం ఆగదు."

"మల్లీ రైలెక్కి రావాలన్నమాట." అసిరమ్మ విసుక్కుంది. తర్వాత ఉదయభాస్కర్ వైపు తిరిగింది. "మా అక్క లచ్మణమ్మ ఈ జబ్బుతోనే పోయినాది బాబూ. అప్పుడీ మందుల్లేవు. ఇప్పుడు నలుగురికీ ఇస్తన్న మందు కూడా ముందెవుళో ఇలాగే ఎక్కించుకుంటేనే తెలిసిందంట. నాకు కొత్తదొచ్చినా పాతదొచ్చినా, నా ఎనకొచ్చీదానికి పనికొస్తాది. నానెల్లను."

ఉదయభాస్కర్ వరండాలోకి వచ్చి, ఊడిపోతున్న మీసం పీకేశాడు. అప్పుడు చీఫ్ ఫోన్ చేశాడు.

"శభాష్. ఇంతకీ ఆ కొత్త మందు పనిచేస్తుందా?"

"తెలియదు సార్. ఇంకా కొన్నేళ్లు పడుతుందట."

"ఏళ్లా? డాక్టర్‌ని కాస్త గట్టిగా అడక్కపోయావా?"

"అడిగాను సార్. తెలిసిపోతే ట్రయల్ ఎందుకని నన్నే తిట్టింది."