రా నాన్నా, ఇంకొంచెం

“రా నాన్నా, రా... ఇంకొంచెం... భయం లేదు, నేనున్నాగా... వచ్చెయ్ బంగారం, వచ్చెయ్!”

బస్టాండంతా మోగిన ఆ గొంతును నమ్మి, మూడో ప్లాట్‌ఫాం దగ్గర ఒక డ్రైవరు బస్సును వెనక్కి పోనిచ్చాడు. ఇంకొంచెం అన్నారు కదా అని ఇంకొంచెం పోనిచ్చాడు. ధడేల్‌మంది. సిమెంటు బెంచీ రెండు ముక్కలైంది, బంపరు సొట్టపడింది. అదృష్టం కొద్దీ బెంచీ మీద ఎవరూ లేరు.

రెండు నిమిషాల్లో అతను మెట్లెక్కి అనౌన్స్‌మెంట్ గది తలుపు తోశాడు.

“ఎవరండీ నన్ను నాన్నా, బంగారం అని పిలిచింది?”

అనౌన్సరమ్మ చంకలో పది నెలల బాబు ఉన్నాడు. బల్ల మీద మైకు ఎర్రలైటు ఇంకా వెలుగుతూనే ఉంది. చటుక్కున స్విచ్ నొక్కింది.

“మిమ్మల్ని కాదండీ, వీణ్ణి. మైకు కట్టేశాననుకున్నాను.”

“బాగుంది! వీడు నడిపేది ఏ బస్సు?”

“నడపలేదండీ, నడిచాడు. ఆ కుర్చీ దగ్గర్నుంచి నా దాకా మూడడుగులు.” చెబుతుంటే ఆమెకు కళ్ళు నిండాయి.

“మొదటిసారా?”

“మొదటిసారే.”

డ్రైవరు కోపం సగం అక్కడే దిగిపోయింది. మిగతా సగం, బాబు అతని జేబులోని విజిల్ లాక్కోవడంతో పోయింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆమె తిప్పలు పగవాళ్ళకి కూడా వద్దు. బాబు కడుపులో ఉండగానే మొగుడు ఇంకో సంసారం వెతుక్కున్నాడు. విడాకులిచ్చేసి, ఈ ఉద్యోగంలో చేరింది. పిల్లాణ్ణి చూసే ఆయమ్మకి వారం నుంచి జ్వరం. ఒకసారి వాడి ఏడుపు మైకులో వినపడినందుకే మేనేజరు, “ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఇంటికే” అన్నాడు. ఉద్యోగం ఖాయం చేసేది ఈ శనివారమే.

“రిపోర్టులో బ్రేకు పట్టలేదని రాసేస్తాలెండి,” అన్నాడు డ్రైవరు.

“వద్దండీ. నా తప్పు మీ నెత్తినెందుకు? జరిగిందే రాయండి. నా మాట నేను చెప్పుకుంటాను.”

అతను ఆమెకేసి ఒక్క క్షణం ఎక్కువే చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

శనివారం మేనేజరు ఇద్దర్నీ నిలబెట్టాడు.

“ఇది బస్టాండా, ఉయ్యాలలూపే చోటా?”

“తప్పు నాదే సార్. కానీ ఆర్నెల్లలో ఒక్క బస్సు తప్పు చెప్పానా? ఒక్కరోజు ఆలస్యంగా వచ్చానా?” ఆమె ఆగలేదు. “ఉద్యోగం కావాలి, బిడ్డా కావాలి. రెండింట్లో ఏదీ వదలను. పాత పార్సిల్ గది ఖాళీగా ఉంది, తాళం ఇప్పించండి. కండక్టరమ్మలకీ పిల్లలున్నారు. ఆయమ్మని మేమే పెట్టుకుంటాం.”

మేనేజరు డ్రైవరు రిపోర్టు తీసి పైకి చదివాడు. “మైకులో రమ్మన్నది నన్ననుకుని వెళ్ళాను. అద్దంలో చూసుకోకపోవడం నా తప్పు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత ప్రేమగా నన్నెవరూ వెనక్కి రమ్మనలేదు. అందుకే ఆగలేకపోయాను.”

ఆయన మీసాల చాటున నవ్వు దాగలేదు. “తాళం తీసుకోమ్మా. ఉద్యోగం మాత్రం ఇంకో నెల చూశాకే ఖాయం. నువ్వు కొత్త బెంచీ మోసుకురావయ్యా.”

ఆ నెలంతా డ్రైవరు ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య పార్సిల్ గదిలో ప్రత్యక్షం. బాబు వేలు పట్టుకుని నడిపించడం, ఆమెకి టీ తేవడం. ఒకరోజు టీ ఇస్తూ అననే అన్నాడు.

“మీ ఇద్దరితోనే ఉండిపోవాలనుందండీ. వీడు నాకు ప్రాణమైపోయాడు. మీ సంగతి చెప్పక్కర్లేదు.”

ఆమెకి కాదనాలని లేదు. అయినా గ్లాసు గట్టిగా పట్టుకుంది.

“ఉద్యోగం ఖాయం కానివ్వండి. ఆసరా కోసం ఒప్పుకున్నానని రేపు నాకే అనిపించకూడదు. నా కాళ్ళ మీద నేను నిలబడి చెబుతాను.”

“వీడే మూడడుగులు వేశాడు. మీకెంతసేపు!” అని నవ్వుతూ వెళ్ళాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నెల తిరిగింది. ఉద్యోగం ఖాయమైనట్టు ఆర్డరు కాగితం ఆమె చేతికొచ్చిన మధ్యాహ్నం, సన్నగా వాన పడుతుంటే అతని బస్సు మూడో ప్లాట్‌ఫాంకి వెనక్కి వస్తోంది. ఆమె కిటికీలోంచి చూసింది. కావాలనే స్విచ్ వేసింది.

“మూడో ప్లాట్‌ఫాంకి వస్తున్న డ్రైవరుగారికి సూచన. రండి... ఇంకొంచెం రండి... భయం లేదు, నేనున్నాగా.”

బస్సు కొత్త బెంచీకి జానెడు దూరంలో ఆగింది. అతను తల బయటపెట్టి, వానలో తడుస్తూ పైకి చూశాడు.

“ఈసారి మిమ్మల్నేనండీ,” అంది మైకు.