ఇనకుండ కొన్న డబ్బ

శామీర్‌పేట చెరువు దాటి మేడ్చల్ దిక్కు పోతాంటే ఎడమ పక్క ఒక ఫంక్షన్ హాల్ వస్తది. పొద్దుగూకినంక దాని ముంగట ఎవ్వరు బండి ఆపరు. పంక్చరైనా సరే... నూకుకుంట ముంగటికి పోవుడే.

అండ్ల ఒక పెండ్లిల మనిషిని కొట్టి సంపిన్రు. ఏ పాట పెట్టాల్నని మొదలైన లొల్లి. పిల్లగాని తరపు ఒకాయన సౌండ్ డబ్బల నడుమ పడి ఒర్రిండట — గంత మోతల ఎవరికి ఇనబడ్తది? పాట అయిపోయినంక సూస్తే ఆయన పానం గూడ పోయింది.

గప్పటి సంది హాల్ మూతబడ్డది. తాళమేసిన తలుపుల ఎన్క ధడ్... ధడ్... మంటదని, కంపెనీల షిఫ్టు దిగి వచ్చెటోళ్లు అంటరు.

గీ ముచ్చట నాకు ధర్మేందరే జెప్పిండు. దూలపల్లిల ఆయనది సౌండ్ సర్వీసు. ఎంబడి బామ్మర్ది శ్రీనివాస్. భార్య తృప్తికి ఒక్కడే తమ్ముడు, చిన్నప్పటి సంది వీళ్లింట్లనే పెరిగిండు. పని నేర్పింది గూడ ధర్మేందరే.

మొన్న ఆ హాల్‌ను ఎవరో లీజుకు తీస్కొని, రంగులేసి మల్ల తెరిచిన్రు. మొదటి పెండ్లి పేట్ బషీరాబాద్‌ల ఉండే హేమచంద్ గారింటిది. వాళ్లు కోస్తా దిక్కోళ్లు, హాల్ కథ వాళ్లకు తెల్వదు. మాపటికి సంగీత్. సౌండ్ ధర్మేందర్‌ది.

పగటీలి సామాన్ దించుతాంటే, స్టోర్ రూంల రెండు పెద్ద బేస్ డబ్బలు కనబడ్డయి. దుమ్ము పట్టి ఉన్నయి గని, డబ్బలు గట్టివి. ధర్మేందర్‌వి మొన్నటి వానకు తడిసి ఖరాబైనయి. కండ్లు వాటి మీదనే పడ్డయి.

"అమ్మేటివే బిడ్డ, తీస్కపో" అన్నడు వాచ్‌మన్ గాలయ్య.

"ఒక్కపారి మోగిచ్చి సూపియ్యి తాతా."

"కరెంట్ యాడిది? జనరేటర్ మాపటికొస్తది."

శ్రీనివాస్ బావ చెయ్యి వట్టి పక్కకు గుంజిండు. "ఇనకుండ కొనద్దు బావా... నువ్వే గదా నాకు నేర్పింది?" అన్నడు గుసగుసగ.

ధర్మేందర్ డబ్బను ఒక పక్క లేపి సూసిండు. మస్తు బరువు. "గింత బరువున్నదంటె లోపట మాల్ మంచిదే. నువ్వు నాకు నేర్పకు."

ఆ మాటల కోపమున్నది. నాగారంల సొంతంగ సర్వీసు పెట్టుకుంట అని శ్రీనివాస్ ఆ వారమే అన్నడు. ఆ మాట ధర్మేందర్‌కు లోపట ముల్లోలె గుచ్చుతాంది.

చీకటి పడ్డది. జనరేటర్ మోగింది. తన డబ్బలు స్టేజీ ముంగట, కొన్నవి రెండు పక్కల పెట్టి పాట ఇడిసిండు. పిల్లలు, ఆడోళ్లు ఎగురుతున్నరు. నేల అదురుతాంది.

ధర్మేందర్ ఎడమ డబ్బ ఎన్కకు పోయి వైర్ సూస్తాండు. గప్పుడు... డబ్బలకెళ్లి మాట.

పాట కాదు. మనిషి మాట.

"పోతడు... నిన్ను ఇడిసిపెట్టి పోతడు..."

చెవి ఆనిచ్చిండు. చెక్క సల్లగున్నది.

"కొట్టు."

రెండడుగుల అవతల శ్రీనివాస్ వంగి లైట్ స్టాండు బిగిస్తాండు. ధర్మేందర్ చేతిల ఇనుప పైపు ఉన్నది — ఎప్పుడు పట్టుకున్నడో ఆయనకే యాదికి లేదు.

మొదటి దెబ్బ భుజం మీద పడ్డది. శ్రీనివాస్ తిరిగి సూసిండు, నవ్వబోయిండు — పరాచికమనుకున్నడు. రెండోది నెత్తి మీద. నెత్తురు ఎగిరి ధర్మేందర్ మొకం మీద పడ్డది. ఎచ్చగ. శ్రీనివాస్ నోరు తెరిచి ఒర్రుతాండు గని ఒక్క మాట ఇనబడ్తలేదు. అడ్డం పెట్టిన చెయ్యి మీద కొట్టిండు. ఎముక ఇరిగినట్టు పైపుల కెళ్లి చేతికి తెలిసింది. అయినా ఆపలే. పాటల డప్పు పడ్డప్పుడల్ల ఆయన చెయ్యి పడుతాంది. డప్పుకొక దెబ్బ. దెబ్బకొక దెబ్బ. డబ్బల ముంగట పెండ్లోళ్లు అదే తాళానికి ఎగురుతున్నరు.

శ్రీనివాస్ పాక్కుంట పోయి, మంచిగున్న చేత్తోటి మెయిన్ వైర్ గుంజిండు.

పాట ఆగింది.

ఆ నిశ్శబ్దంల ఇంకో దెబ్బ పడ్డది. అది అందరికి ఇనబడ్డది.

"బావా..."

హేమచంద్ ఉరికొచ్చిండు. "ఏమండీ! చచ్చిపోతాడండీ, వదలండి! ఎవరైనా పట్టుకోండి ఇతన్ని!"

నలుగురు మీద పడి పైపు గుంజుకున్నరు. ధర్మేందర్ తన చెయ్యి దిక్కే సూస్కుంట కూసున్నడు.

శ్రీనివాస్ బతికిండు. నెత్తికి కుట్లు, ఎడమ చేతికి రాడ్డు. కేసు వద్దన్నడు. తృప్తి మాత్రం మొగనితోటి మాట బంద్ జేసింది.

దవాఖాన నుంచి ఇంటికొచ్చిన పొద్దు, ధర్మేందర్ పోయి బామ్మర్ది కాళ్ల మీద పడ్డడు. "నేను కాదురా... ఆ డబ్బల ఒకడున్నడు. వాడే చెప్పిండు, కొట్టుమని. నా చెవులార ఇన్న."

శ్రీనివాస్ గోడ పట్టుకొని మెల్లగ లేసిండు. "పా, ఇప్పి సూద్దాం" అన్నడు.

దుకాణంల, పట్టపగలు, ఎడమ డబ్బ ముంగటి జాలీ ఇప్పిన్రు. జాలీ ఎన్క నల్ల స్పాంజి. దాన్ని గుంజితే —

లోపట స్పీకరే లేదు. ఉత్త బొక్క. బరువుకు ఇటుకలు పేర్చిన్రు. ఎన్కనుంచి వచ్చిన వైర్ దేనికీ కలవకుండ ఏలాడుతాంది. ఆ డబ్బ మోగేదే కాదు.

"మోసం జేసిన్రురా!" అన్నడు ధర్మేందర్.

శ్రీనివాస్ కట్టు కట్టిన తల మెల్లగ తిప్పి, ఆయన కండ్లల్లకు సూసిండు.

"మరి... నన్ను సంపుమన్నదెవరు బావా?"