గోడకు గీకిన మందు

మొగులయ్య కోడలు వెనక గోడలోని తేనెటీగల కన్నానికి సిమెంటు పెట్టేసిందని, అత్త కాలు బాగుపడుతుంటే ఓర్వలేకనే ఆ పని చేసిందని పక్కింటి లలితమ్మ అన్నదట. పాలప్యాకెట్ల దగ్గర విన్న ఆ మాటను అదే గల్లీలో ఉండే డానియేలు మోసుకొచ్చి, మాదన్నపేట మార్కెట్ నుంచి తోటకూర కట్టలతో వస్తున్న మొగులయ్యకు అప్పజెప్పాడు. "నాకెందుకన్నా, ఆమె అన్నది చెప్తున్న" అని చివర్లో చేతులు కూడా దులుపుకున్నాడు.

మొగులయ్య ఉప్పుగూడలోని ఇల్లు చేరి చెప్పులైనా విప్పకుండా వెనక్కి నడిచాడు. సిమెంటు కాదు, తడిగుడ్డ. దాని చుట్టూ దోమలంత నల్లటి ఈగలు దారి దొరక్క తిరుగుతున్నాయి. గుడ్డ లాగి పారేశాడు.

అది పాతకాలపు డంగుసున్నం గోడ. దాని నెర్రెలో ఈ కుట్టని తేనెటీగలు ఎన్నేళ్లుగానో కాపురం ఉంటున్నాయి. కన్నం చుట్టూ జిగురు పేరుకుని ఉంటుంది. ఊళ్లో మొగులయ్య తండ్రి కల్లు గీయడానికి తాటిచెట్లెక్కేవాళ్ల మోకాటి దెబ్బలకు ఆ జిగురే రాసేవాడు. కొత్త చెప్పు కరిచి భార్య చంద్రమ్మ కాలు పుండైనప్పుడు మొగులయ్యకు అది గుర్తొచ్చింది. జిగురు గీకి నువ్వులనూనెలో కరిగించి రాయడం మొదలుపెట్టాడు. దాని పేరు ప్రొపోలిస్ అని, సీసాల్లో అమ్ముతారని కొడుకు నందు ఫోన్‌లో చూసి చెప్పాక ఆయన్ను పట్టేవాళ్లు లేకపోయారు. బస్తీ దవాఖానాలో కట్టించే కట్టు ఆగిపోయి పదిహేను రోజులైంది. చంద్రమ్మకు షుగర్.

"ఏంది బిడ్డా, గుడ్డ కుక్కినవ్?"

కోడలు మహేశ్వరి గిన్నెలు తోముతూనే చెప్పింది. "కుక్కిన మామా. నువ్వు తీస్తే మళ్ల కుక్కుత."

"మీ అత్త కాలు మానుడు నీకు ఇష్టం లేదా? ఫారిన్ల సీసాలల్ల పోసి అమ్ముతున్నరు. నీ మొగడే చూపెట్టిండు."

"సీసాలది కడిగి, వడగట్టి, పరీక్ష జేసింది. గోడకు గీకింది గాదు. నేను డాక్టరమ్మను అడిగిన. చిన్న గాయాలకు, నోటి పూతకు పనికొస్తదేమోనని పరిశోధన నడుస్తుందంట, ఇంకా పక్కాగ తేలలేదంట. కొందరికి దాంతోని దద్దుర్లు గూడ లేస్తయంట. షుగర్ పుండుకు మాత్రం కట్టు ఆపొద్దన్నది."

"డాక్టరమ్మ పుట్టకముందు సంది మా నాయిన రాసిండు. ఎవ్వల కాలన్న పాడైందా?"

"మీ నాయిన రాసింది ఈగలు చెట్ల మీదికెల్లి తెచ్చిన బంక మామా. గిది గాదు."

ఆమె చెయ్యి తుడుచుకుని అలమారలోంచి మందు డబ్బా తెచ్చింది. మూత తీసి వెలుతురులో పెట్టింది. గోధుమరంగు జిగురులో ఎర్రటి చారలు, అక్కడక్కడ పచ్చ, సన్నటి తళుకు.

గోడకు అవతల లక్క గాజుల కార్ఖానా ఉంది. మహేశ్వరి అక్కడే గాజులకు రాళ్లు అతికిస్తుంది.

"ఎండకు మెత్తబడ్డ రంగు లక్క మీద గీ ఈగలే వాలుతయి. కాళ్లకు అంటిచ్చుకొని గోడెక్కుతయి. నిన్న కండ్లార చూసిన. నువ్వు అత్తమ్మకు పూసేది మా కార్ఖానా రంగు!"

మొగులయ్య డబ్బాను అటూ ఇటూ వంచాడు. ఆ ఎరుపు ఆయన ముందే చూశాడు. చూసి, మందు బాగా ముదిరిందని మురిశాడు కూడా. ఊళ్లో ఈగలకు వేపా మామిడీ ఉండేవి. ఇక్కడ వాటికి దొరికింది ఇదే.

మహేశ్వరి అత్త ముందు గొంతుక్కూర్చుని కాలి గుడ్డ విప్పింది. పుండు పైన పక్కు కట్టింది. పక్కు చుట్టూ చర్మం నల్లబడింది. వాసన గదంతా తెలిసింది. స్నానం చేసి వచ్చిన నందు ఒక్కసారి చూసి, "ఆటో తెస్త" అంటూ చొక్కా గుండీలు పెట్టుకోకుండానే పరుగెత్తాడు.

మొగులయ్య డబ్బాను చెత్తబుట్టలో పడేశాడు. కోడలి వైపు చూడలేక, "నేనే తప్పు జేసిన బిడ్డా" అన్నాడు. మహేశ్వరి ఆయన చేతికి దవాఖానా చీటీ ఇచ్చింది.

ఆయన భార్య వైపు తిరిగాడు. "నొప్పి తగ్గిందని దినాం నువ్వే అంటివి గద, చంద్రమ్మా? గందుకే నేను నమ్మిన."

గల్లీలో ఆటో హారన్ మోగింది. చంద్రమ్మ చీర కొంగు సర్దుకుంది.

"ఆ కాలు మొద్దుబారి ఏడాదైతుంది, నొప్పి ఏడ తెలుస్తది? పెండ్లయి నలభై ఏండ్లు. నువ్వు నా కాళ్ల కాడ కూసున్నది గీ పదిహేను దినాలే. చెప్తే మళ్ల కూసోవని చెప్పలే."