అరవై ఎనిమిదో నిమిషం

అయినా కోచ్ ధనరాజుని ఎందుకు తీసేశాడు? ఒక గోలు ముందున్నాం, ఎదుటివాళ్ళ కాళ్ళు బరువెక్కాయి, ఇంకా ఇరవై నిమిషాల పైన ఆట ఉంది. అలాంటప్పుడు ముందు పరిగెత్తేవాణ్ణి కూర్చోబెట్టి వెనక ఇంకో గోడ కట్టుకోవడం భయం కాక మరేమిటి? భయానికి వ్యూహమని పేరు పెట్టుకోవడం ఆయనకి ఇవాళ కొత్త కాదు. పదహారేళ్ళప్పుడు స్కూలు ఫైనల్లో నన్నూ ఇలాగే, ఏ కారణమూ చెప్పకుండా...

హైమ ఆలోచన అక్కడ తెగింది. మరుపు గది తలుపు మీద పచ్చ దీపం వెలిగింది. లోపల కుర్చీలో జట్టు అభిమాని సింహాచలం సిద్ధంగా ఉన్నాడు.

సముద్రపు గోడ కట్టిన తరవాత పుట్టిన విశాఖ పిల్లలకి బీచి అంటే పాత ఫొటోల్లోని ఇసుక. ఈ 2081లో ఫుట్‌బాల్ మైదానం కూడా నేల మీద లేదు. ఔటర్ హార్బరులో ఉక్కు డొల్లల మీద తేలుతూ ఉంటుంది. పోటు వేళ బంతి ఒక పక్కకి దొర్లుతోందని వచ్చిన ప్రతి జట్టూ ఫిర్యాదు చేస్తుంది. రేవు జట్టు మాత్రం ఆ దొర్లుడుని కూడా కలుపుకుని ఆడుతుంది. అలా ఆడటం నేర్పినవాడు కొండబాబు. ముంపు కాలనీల పిల్లల్ని పోగుచేసి జట్టు కట్టి, రెండుసార్లు లీగు కప్పు తెచ్చాడు. నిన్న మూడోసారి ఫైనల్‌కి తీసుకెళ్ళి, కాకినాడ చేతిలో ఒకటికి రెండు గోల్స్‌తో ఓడిపోయాడు.

రేవు జట్టుకి యజమాని లేడు. అభిమానులే సభ్యులు. ఓడిన మర్నాడు మధ్యాహ్నం అందరూ మైదానం పక్కనున్న రేకుల షెడ్డులో కూడతారు. కోచ్ తన చేత్తో అందరికీ టీ పోయాలి. కెటిల్ ఖాళీ అయ్యేదాకా ఎవరేం తిట్టినా నోరెత్తకూడదు. ఇవాళ ఆ తరవాత ఓటు కూడా ఉంది, కొండబాబు ఉండాలా, పోవాలా అని. ఆయనకి అరవై దాటాయి. ఇక్కణ్ణించి పొమ్మంటే పిలిచే జట్టు ఇంకోటి లేదు.

సభ్యుల్లో ఒకామెకి అందుకే మరుపు గది గుర్తొచ్చింది. ఆమె గ్రేసీ, రేవులో క్రేను నడుపుతుంది. "ఊరికే అరుసుకోడం దేనికి? హైమ గారి గదిలో కూకుంటే తేలిపోద్ది కదా" అంది. దాన్ని తెచ్చి షెడ్డుకి ఆనించి నిలబెట్టారు.

హైమ మనస్తత్వ శాస్త్రవేత్త. ప్రమాదాల మీద విచారణ జరిపేవాళ్ళ కోసం ఆమె ఈ గదిని తయారుచేసింది. ఫలితం తెలిసినవాడు ఆ ఫలితం తనకి ముందే తెలుసనుకుంటాడు. హైండ్‌సైట్ బయాస్ అనే ఈ జబ్బుకి హైమ 'వెనక తెలివి' అని పేరు పెట్టుకుంది. గదిలో తలకి తొడిగే టోపీ, మెదడులో జ్ఞాపకాలు చేరే హిప్పోకాంపస్ మీద ఒక సన్నని అయస్కాంత క్షేత్రాన్ని పరుస్తుంది. ఎంచుకున్న క్షణం తరవాతి జ్ఞాపకాలు చెరిగిపోవు. పది నిమిషాల పాటు దుప్పటి కప్పినట్టు కనబడకుండా ఉంటాయి. ఎదురుగా తెర మీద, ఆ క్షణంలో నిర్ణయం తీసుకున్న మనిషికి తెలిసినవి మాత్రమే కనిపిస్తాయి. కూర్చున్నవాడు నిర్ణయం చెబుతాడు. ఆ తరవాత దుప్పటి తొలగుతుంది. గదిలో జరిగినది అతనికి కలలా జారిపోతుంది. రికార్డు మాత్రం ఉంటుంది.

సింహాచలం ఇప్పుడు నిన్నటి అరవై ఎనిమిదో నిమిషంలో ఉన్నాడు. ధనరాజు నిక్కరు దారాల్లోని సెన్సర్లు ఎడమ తొడ కండరం దగ్గర హెచ్చరికగా నారింజ రంగు చూపిస్తున్నాయి. చెవిలో ధనరాజు గొంతు, "బానే ఉన్నాను సార్" అంటోంది. గాలి దిశ మారింది. సింహాచలం ముందుకి వంగాడు.

"ఆణ్ణి తీసీయండి. తొడ పట్టీసేలాగుంది. వెనకాల ఇంకొకణ్ణి ఎయ్యండి."

షెడ్డులో గోడ మీది తెర దగ్గర గుమిగూడినవాళ్ళు గొల్లున నవ్వారు. పొద్దుట్నుంచి కొండబాబుని అందరికంటే ఎక్కువ తిట్టింది సింహాచలమే.

అతను బయటికొచ్చి రికార్డు చూసుకున్నాడు. ముఖం ఎర్రబడింది.

"ఆడు నాను కాదు."

"నీ మీసమే కదేటి మావా?" అంది గ్రేసీ.

"మీసం నాదే. బుర్ర నాది కాదు. ఈ డాక్టరమ్మ టోపీ ఆ మాట నా నోట్లో పెట్టీసింది. నానైతే ధనరాజుని ససేమిరా కదిపీవోణ్ణి కాదు!"

గ్రేసీ లోపలికెళ్ళింది. ధనరాజుని తీసేయమంది. బయటికొచ్చి, తను తీసేయమనలేదని ఒట్టేసింది. తరవాత వెళ్ళినవాళ్ళలోనూ చాలామంది అదే చెప్పారు, అలాగే బుకాయించారు. కొండబాబు కెటిల్ పట్టుకుని వాళ్ళ మధ్య తిరుగుతూ, ఏమీ విననట్టు గ్లాసులు నింపుతున్నాడు. తిట్టినవాడి గ్లాసులో ఒక చుక్క ఎక్కువే పోస్తున్నాడు.

హైమకి తన యంత్రం మీద జాలేసింది. వెనక తెలివిని పది నిమిషాలు ఆపగలిగిందే గాని, అది తిరిగొచ్చాక చేసే గొడవ సంగతి తను ఆలోచించలేదు. అయితే వీళ్ళు వీళ్ళు, తను తను. ఇన్నేళ్ళుగా తన మనసుని తనే గమనించుకుంటూ బతికిన మనిషి. ఆమె టోపీ తీసుకుని కుర్చీలో కూర్చుంది.

బయటికొచ్చేసరికి గ్రేసీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

తెర మీద హైమ, అర నిమిషమైనా తటపటాయించకుండా, ధనరాజుని తీసేసింది.

'ఈమె నేను కాదు' అనుకుంది హైమ. అనుకున్న వెంటనే, సింహాచలం గొంతు తన లోపల్నుంచి విన్నట్టు చెవులు వేడెక్కాయి.

అప్పుడే కొండబాబు కెటిల్ని తలకిందులు చేసి అందరికీ చూపించాడు. ఒక చుక్క రాలింది.

"ఖాళీ. ఇప్పుడు నోరిప్పొచ్చు కదా? నన్నూ కూకోబెట్టు పాపా."

తీర్పు తేలిపోయినట్టే. దాదాపు అందరూ ఆయన చేసిందే చేశారు, ఆయనా మళ్ళీ అదే చేస్తాడు. ఓటు ఒక లాంఛనం. హైమ టోపీ సరిచేసింది. దగ్గర్నుంచి చూస్తే ఆయన చెవుల మీద వెంట్రుకలు తెల్లబడ్డాయి.

తెర మీద నారింజ రంగు వెలిగింది. ధనరాజు గొంతు అదే మాట అంది. కొండబాబు గడ్డం గోక్కున్నాడు. గాలి దిశ చూశాడు. చాలాసేపు చూశాడు.

"బానే ఉన్నానంటన్నాడు కదా," అన్నాడు. "ఉండనీండి. ఆడనీండి."

ఎవరూ నవ్వలేదు. బయటికొచ్చి రికార్డు చూసిన కొండబాబు ఒక్కడే, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

"సూడండి, ముసిలోడికి ఎంత గుండె ధైర్యమో!"

"బుద్ధుందా నీకు?" సింహాచలం లేచి నిలబడ్డాడు. "తొడ అలగ కనబడతంటే ఆడించీస్తావా కుర్రోణ్ణి? ఆడి కాలు పోతే?"

"నిన్నట్నుంచి తీసీసినందుకే కదేటి తిడతన్నావు మావా?" అంది గ్రేసీ.

"అది యేరు. ఇప్పుడు నాను తీసీమన్నాను కదా. తీసీడమే రైటు."

"కాదు, ఉంచాల్సింది," అన్నాడు కొండబాబు. అప్పటికే ఆయన కూడా వాదనలోకి దిగిపోయాడు. "ఆ గాలికి కాకినాడోళ్ళు బంతి పైకి కొట్టలేకపోనారు, వెనకాల ఇంకొకడు అక్కర్లేదు. నాను పొరపాటు చేసేను."

"నువ్వేటీ పొరపాటు చెయ్యలేదు! కూకో!"

హైమ ఆ గోలలోంచి ఆయన పక్కకి వచ్చింది.

"సార్, నిన్న తీసేశారు, ఇవాళ ఉంచారు. ఎందుకు మారింది?"

"మారలేదమ్మా. నిన్న కూడా నోరు తెరిసేదాకా ఏటంటానో నాకే తెలీదు. సగం ఇటు, సగం అటు. తరవాతే కదా, ఇందుకు తీసేను, అందుకు తీసేను అని సెప్పుకుంటాం."

ఆమె అడగకూడదనుకుంది. అడిగేసింది. "ఆ స్కూలు ఫైనల్లో నన్నెందుకు తీసేశారు?"

కొండబాబు ఖాళీ కెటిల్ని బల్ల మీద పెట్టాడు. "నువ్వు బెంచీ మీద కూకుని బూట్లు కూడా ఇప్పకుండా ఏడిసేవు. అది బాగా గుర్తుంది. ఎందుకు తీసేనో గుర్తు లేదు పాపా. ఏదో ఉండే ఉంటాది."

ఏదో ఉండే ఉంటుంది. ఆ ఖాళీలో తను ఇన్నాళ్ళూ ఎన్ని కారణాలు కట్టిపెట్టింది! నీకు సత్తా లేదన్నాడని, ఆడపిల్లవన్నాడని, భయపడ్డాడని. కట్టినవన్నీ తనవే. ఆయన దగ్గరున్నది ఏడుస్తున్న ఒక అమ్మాయి మాత్రమే. ఆమెకి కోపం రావలసింది. దానికి బదులు భుజాలు తేలికపడ్డాయి.

"సరే, ఇంక ఓటు," అంది గ్రేసీ బల్ల మీద చరిచి. "ఎవరేటి తేల్చుకున్నారు?"

ఎవరూ ఏమీ తేల్చుకోలేదు. సింహాచలం హైమ వైపు తిరిగాడు. "డాక్టరమ్మా, మీ మిసను ఏటంటాది? ఉంచాలా, పంపించీయాలా?"

"అది దానికి తెలీదు."

"మరి ఎవురికి తెలుసు?"

హైమ వాళ్ళ ముఖాల్లోకి చూసింది. వచ్చే ఏడాది గెలిస్తే, ఉంచమని మేమే అన్నామంటారు. ఓడితే, అప్పుడే చెప్పామంటారు. కప్పడానికి ఇంకా ఏ జ్ఞాపకమూ పుట్టలేదు. ముందు కూర్చున్న కొండబాబు తన తొడ మీద అరచెయ్యి రుద్దుకుంటున్నాడు, ఆట మధ్యలో ఉన్నట్టే. ఆయన్ని ఉంచడం తప్పే కావచ్చు. ఒప్పే కావచ్చు.

"కొండబాబు ఉండాలన్నవాళ్ళు?" అంది గ్రేసీ.

షెడ్డులో ఒక్క చెయ్యీ కదల్లేదు. ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు.

హైమ చెయ్యెత్తింది.