గంట ముందున్న ఇల్లు

ఆ పొద్దున ఆకాశం వానకీ ఒప్పుకోలేదు, ఎండకీ ఒప్పుకోలేదు. మబ్బు ఇళ్ళ కప్పుల మీదికి దిగి, పిండకుండా ఆరేసిన దుప్పటిలా వేలాడింది. గాలి లేదు. తీగల మీది కాకులు ఎటు పోవాలో తెలియనట్టు అక్కడే కూర్చున్నాయి.

ఏడింటికి పోస్ట్‌మన్ చచ్చిపోయాడు. నిజం పోస్ట్‌మన్ కాదు. ఆఫీసుకి రహస్య కబుర్లు మోసే మనిషి కాబట్టి ఆ పేరు. లాండ్రీ వెనక గదిలో ఇస్త్రీ బల్ల మీద తల వాల్చి, కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. తుపాకీకి సైలెన్సర్ ఉండటంతో ముందు గదిలో చొక్కాలు మడతపెట్టే ఆవిడకి చప్పుడు వినపడలేదు. అతని పిడికిట్లో చీటీ ఉంది. దాని మీద రెండే మాటలు: పందిరి, పన్నెండు.

ఏజెంట్ పదిహేడు ఇంకో సంగతి కూడా చూశాడు. వేడి ఇస్త్రీ పెట్టెని ఎవరో పక్కకి తీసి నిలబెట్టి, స్విచ్ ఆపి వెళ్ళారు. మనిషిని చంపినవాడు బట్ట కాలకుండా ఎందుకు చూసుకున్నాడో అతనికి అర్థం కాలేదు. ఆలోచించే తీరిక లేక వదిలేశాడు.

ఎనిమిదింబావుకి బ్రీఫింగ్. లిఫ్టులు రిపేరు చేసే షెడ్డు కింద, కిటికీ లేని గదిలో పెద్దాయన కూర్చునే ఉన్నాడు. ఆయన కూర్చుని మాట్లాడాడంటే సంగతి ముదిరిందని ఆఫీసులో అందరికీ తెలుసు.

పందిరి అనేది సాఫ్ట్‌వేర్. ఇళ్ళల్లో గోడకి వైఫై పెట్టె ఉంటుంది కదా, అలాంటి నలభై లక్షల పెట్టెల్ని క్లౌడ్ నుంచి నడుపుతుంది. ఓపెన్ సోర్స్. కోడ్ ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు, ఎవరి సొత్తూ కాదు. నిన్న అన్ని పెట్టెలకీ కొత్త వెర్షన్ వెళ్ళింది. విదేశీ ముఠా ఒకటి, దర్జీ అనేవాడి కింద పనిచేసేది, అందులో పురుగుని పెట్టింది. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి అది లేస్తుంది. నలభై లక్షల పెట్టెలూ ఒక్కసారిగా ఇటుక ముక్కలైపోతాయి. ఆ పెట్టెల మీద ఆధారపడి ఇళ్ళల్లో శ్వాస యంత్రాలున్నాయి, తలుపు తాళాలున్నాయి, ఒంటరిగా బతికేవాళ్ళ అలారాలున్నాయి. ఈ కబురంతా పంపింది సీతాకోక. దర్జీ ముఠాలో ఉంటూ రెండేళ్ళుగా ఆఫీసుకి పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. విరుగుడు కోడ్ కూడా ఆమే తయారుచేసింది. కానీ అది బయటికి వెళ్ళాలంటే రెండు సంతకాలు కావాలి. ఒకటి ఆమెది. రెండోది పందిరిని మొదట రాసిన మనిషిది.

పెద్దాయన ఒక ఫోటో ముందుకి తోశాడు.

"ఎవరో తెలుసా?"

"మా బావ సార్. అక్క మొగుడు."

"తెలిసే పిలిచాను. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. సంతకం పెట్టించు."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే ఆయన దర్జీ మనిషి. ఆ తర్వాత సంగతి నాతో చెప్పించకు."

పదిహేడు ఆ ఇంటి గడప తొక్కి నాలుగేళ్ళయింది. పంపుసెట్లు అమ్ముతూ ఊళ్ళు తిరుగుతున్నానని అబద్ధం చెప్పుకుంటూ వచ్చాడు. అక్కకి ఊపిరితిత్తులు పాడై శ్వాస యంత్రం మీద బతుకుతోందని వినికిడి మాత్రం ఉంది. డాక్టర్లు దూరం నుంచే ఆ యంత్రంలో గాలి కొలత మారుస్తుంటారు. లింకు తెగితే రెండు నిమిషాల్లో కొలత అడుక్కి పడిపోతుంది. ఆ గాలి అక్కకి చాలదు. నలభై లక్షల పెట్టెల్లో ఒకటి ఆమె మంచం పక్క గోడకి ఉంది. పెద్దాయన అది చెప్పలేదు. అతనూ అడగలేదు.

స్టోర్స్‌లో కేబుల్ రిపేరువాడి యూనిఫాం, వ్యాను, ఒక పెన్ను ఇచ్చారు. పెన్ను నొక్కితే పొగ వస్తుంది. రాయమంటే మాత్రం రాయదు.

తొమ్మిదిన్నరకి చెప్పుల దుకాణంలో సీతాకోక కలిసింది. ద్రాక్షరంగు కోటు, నల్లద్దాలు, చూసినవాళ్ళు ఇంకోసారి చూసే పెదవులు. అతను ఎడమ కాలికి ఒక సైజు పెద్దది కావాలన్నాడు. కుడి కాలు ఊరుకుంటుందా అని ఆమె అడిగింది. ఎన్నాళ్ళనుంచో ఊరుకోవడం లేదన్నాడు. కోడ్ సరిపోయింది. ఆమె సంతకం వేసే తాళం, కంప్యూటర్‌కి గుచ్చేది, లిప్‌స్టిక్ గొట్టంలో ఉంది.

దారిలో బూడిదరంగు కారు వెంటపడింది. రెండు మలుపుల తర్వాత పదిహేడు పెన్ను నొక్కి కిటికీలోంచి పారేశాడు. వీధంతా పొగ కమ్మింది. కారు వెంటనే ఆగిపోయింది. అంత సులువుగా వదుల్తుందని అతను అనుకోలేదు.

ఇల్లు చేరేసరికి పది నలభై. రెండు గదులు. బావ ఒకప్పుడు టెలిఫోన్ లైన్‌మన్. ఇరవై రెండేళ్ళు స్తంభాలెక్కి దిగి, రిటైరయ్యాక అక్క యంత్రానికి మాటిమాటికీ లింకు తెగుతోందని తనే కోడ్ నేర్చుకుని పందిరి రాశాడు. గదిలో వైరు అన్నది ఎక్కడా వేలాడలేదు. ప్రతిదీ గోడ వారగా మేకు మేకుకీ దారంతో కట్టి ఉంది. పెట్టె మీద పచ్చ దీపం. దాని కింద మంచం మీద అక్క, మూతికి మాస్కు. మనిషి సగమైంది. ఎదురు గోడ మీది గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. గంట ముందుకి పరిగెత్తిన గడియారాన్ని సరిచేసే ఓపిక కూడా బావకి పోయిందనుకున్నాడు.

బావ అతని యూనిఫాం కేసి చూశాడు.

"పంపుసెట్లు మానేసి కేబుల్లో చేరావా?"

కూర్చోమనకముందే పదిహేడు అంతా చెప్పేశాడు. సీతాకోక ల్యాప్‌టాప్ తెరిచింది. మూడేళ్ళుగా పందిరిలో తప్పులు దిద్దుతున్నది తనేనని, గురువుగారిని ఇలాంటి రోజున చూడాల్సి వచ్చిందని అంది. పెట్టెలు అరగంటకోసారి క్లౌడ్‌ని పలకరిస్తాయి. విరుగుడు అందరికీ అంది, పెట్టెలు దాన్ని ఎక్కించుకోవాలంటే పదకొండు లోపు బయల్దేరాలి. ఒక్క నిమిషం దాటినా కొన్ని ఇళ్ళకి అందదు.

బావ కళ్ళజోడు సర్దుకుని ఆమె మొహం కేసి చూశాడు. తర్వాత పెట్టె కేసి.

"పన్నెండు కొట్టనీ," అన్నాడు.

"పన్నెండు కొడితే ఇంకేం మిగుల్తుంది బావా?"

"మా ఇంట్లో కొట్టనీ."

అంతకు మించి పెగల్లేదు. మొదట్నుంచీ అంతే, మాటని స్తంభం మీంచి దింపడానికి నిచ్చెన కావాలి. పదిహేడు బతిమాలాడు. అక్క మీద ఒట్టేశాడు. నలభై లక్షల ఇళ్ళని గుర్తుచేశాడు. బావ లేచి, యంత్రం ఆగితే చేత్తో గాలి కొట్టే రబ్బరు సంచి అలమరలోంచి తీసి, అక్క పక్కన కూర్చున్నాడు.

ఆ సంచి చూడగానే పదిహేడుకి లెక్క తేలిపోయింది. పెట్టె చస్తుందని ఈ మనిషికి తెలుసు. తెలిసే కూర్చున్నాడు. అంటే పెద్దాయన మాటే నిజం.

పిస్టల్ తీశాడు. పెళ్ళినాడు తనని భుజాల మీద ఎక్కించుకున్న మనిషి మీద గురిపెట్టాడు. చెయ్యి వణకలేదు. వణకనందుకు తర్వాత చాలా రోజులు నిద్ర పట్టలేదు.

"తాళం ఇయ్యి బావా."

బావ మెళ్ళోని తాడు తీసి ఇచ్చాడు. దాని చివర చిన్న పెన్‌డ్రైవ్. దానికి వేలిముద్ర కావాలి. పదిహేడు బావ బొటనవేలు పట్టుకుని దాని మీద నొక్కాడు. తీసుకోలేదు. ఇరవై రెండేళ్ళు తీగలు లాగిన వేలు, గీతలన్నీ అరిగిపోయాయి. మళ్ళీ నొక్కాడు. తీసుకోలేదు. సీతాకోక నిమిషాలు లెక్కపెడుతోంది. పది యాభై ఆరు. పది యాభై ఏడు. పదిహేడు ఆ వేలి మీద తన నోటి ఆవిరి ఊది మూడోసారి నొక్కాడు. తీసుకుంది. లిప్‌స్టిక్ గొట్టంలోని తాళం అప్పటికే పెట్టి ఉంది.

రెండు సంతకాలూ పడ్డాయి. తెర మీద ఒకటే ప్రశ్న: అందరికీ పంపాలా?

పదిహేడు తన వేలిని ఎంటర్ మీదికి తెచ్చాడు. అక్క మాస్కు ఎత్తింది.

"తమ్ముడూ, గడియారం చూడరా."

"అది గంట ముందుందక్కా."

"తప్పు కాదురా." ఊపిరి అందుకోవడానికి ఆగింది. "పెట్టెలోనూ అంతే."

మాస్కు మళ్ళీ మూతి మీద పడింది. పదిహేడు తన వేలిని అక్కడే ఆపేశాడు.

స్తంభం ఎక్కే మనిషి ముందు తన బరువు వేసి చూసుకుంటాడు, ఆ తర్వాతే కిందవాణ్ణి రమ్మంటాడు. బావ ఇంటిక్కూడా అదే చేశాడు. లోకంలోని పెట్టెలన్నిటికీ ఒక టైము, ఈ ఒక్క పెట్టెకీ గంట ముందు. ఏ కష్టం వచ్చినా ముందు ఈ ఇంటికి రావాలి, గంట తర్వాతే ఇంకొకరింటికి. కొత్త వెర్షన్ ఈ పెట్టెలోనూ ఉంది. దీనికి పన్నెండు ఇప్పుడే అవుతోంది. పురుగంటూ ఉంటే ఇప్పుడే లేవాలి.

గడియారం కొట్టడం మొదలుపెట్టింది. బావ ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో అక్క మణికట్టు పట్టుకున్నాడు. నాలుగు. అయిదు. అక్క కళ్ళు మూసుకుంది. తొమ్మిది. పది. యంత్రం గాలి పీల్చింది, వదిలింది. పన్నెండు.

దీపం పచ్చగానే ఉంది.

పురుగు లేదు. పురుగు లేనప్పుడు ఈ విరుగుడు దేనికి?

అతను తల తిప్పేలోపే సీతాకోక చెయ్యి ఎంటర్ మీదికి దూకింది. పదిహేడు ల్యాప్‌టాప్ మూత విసురుగా మూశాడు. ఆమె వేళ్ళు మధ్యలో నలిగాయి, మీటకి అంగుళం దూరంలో. రెండో చెయ్యి కోటులోకి పోయేలోపు పిస్టల్ ఆమె నుదుటికి ఆనింది. తాళాలు రెండూ లాగేసి బావ ఒళ్ళోకి విసిరాడు. సంకెళ్ళు వేస్తుంటే ఆమె పెనుగులాడలేదు.

అప్పుడు ఇస్త్రీ పెట్టె గుర్తొచ్చింది. దాన్ని పక్కకి తీసింది బట్ట కోసం కాదు, చీటీ కాలకుండా. అది ఆఫీసుకి చేరాలి. కారు వెంటపడింది ఆపడానికి కాదు, తొందరపెట్టడానికి. బావ సంతకం లేందే ఏ కోడూ బయటికి పోదు, బావ తొందరపడి సంతకం పెట్టడు. అదొక్కటే ముఠాకి అడ్డం. ఆ సంతకం రాబట్టాలంటే బావని ఎవరో ఒకరు కంగారుపెట్టాలి. ఆ పనికి ఆఫీసు తననే పంపింది.

బావ మూత తెరిచి విరుగుడు కోడ్ చదివాడు. ఒక లైను దగ్గర బొటనవేలు ఆనించాడు. అసలు పురుగు ఆ విరుగుడులోనే ఉంది, అదీ పన్నెండింటికి లేచేదే.

"ఆ గంట తేడా నేను చూశాను," అంది సీతాకోక. "మూడేళ్ళ కిందటే. మీరు చేసిన పొరపాటనుకున్నాను. సరిచేసి పంపాను కూడా."

"పంపావు తల్లీ. వద్దన్నాను. ఎందుకని నువ్వడగలేదు."

ఫోన్ మోగింది. పెద్దాయన. పదకొండు దాటింది, పంపావా అని అడిగాడు. లేదన్నాడు పదిహేడు.

"పన్నెండు అయిపోయింది సార్. ఏం కాలేదు."

తలకి దెబ్బేమైనా తగిలిందా అని పెద్దాయన అడిగాడు. వ్యాను పంపమని, తీరిగ్గా చెప్తానని పదిహేడు ఫోన్ పెట్టేశాడు.

బావ వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు తెచ్చాడు. ఆ ఇంట్లో అది భోజనాల వేళ. అక్క నాలుగు వేళ్ళు చూపించింది. బావ సీతాకోక కేసి చూసి, నాలుగో కంచం కూడా తీశాడు. పదిహేడు ఆమె ఒక చెయ్యి విడిపించి, రెండోది మంచం కోడుకి తగిలించాడు. సంకెళ్ళు వేసేటప్పుడు పెట్టిన పిస్టల్ బల్ల మీద ఇంకా అలాగే ఉంది.

"ఆ పంపుసెట్టు పక్కన పెట్టు," అన్నాడు బావ. "కంచాలు పెట్టుకోవాలి."

బావ ఒక ముద్ద తను తిని, ఒక ముద్ద మెత్తగా చిదిమి, మాస్కు ఎత్తి అక్కకి పెట్టాడు. సీతాకోక నలగని చేత్తో మెల్లగా తింది. పదిహేడు తల ఎత్తకుండా తిన్నాడు. యంత్రం గాలి పీలుస్తూ, వదులుతూ ఉంది. కిటికీ బయట మబ్బు అలాగే వేలాడుతోంది.

ఆ మధ్యాహ్నం పన్నెండింటికి దేశంలో ఎక్కడా ఏమీ జరగలేదు. ఆ ఇంట్లోవాళ్ళకి మాత్రం అప్పటికది గంట పాత కబురు.